మందు కొట్టే ముందు

వినాయక చవితి దగ్గర పడుతోంది. వానలకు పెరట్లోనూ, డాబా మీది కుండీల్లోనూ కరివేపాకు, నిమ్మ, మారేడు కొత్త చిగుళ్లు వేశాయి. చిగురు వెంటే పురుగూ వచ్చింది. అది కంటపడగానే మన చెయ్యి మందు సీసా మీదికి పోతోంది. ఏ పురుగో, ఏం చేస్తోందో చూసే ఓపిక కూడా లేని ఈ తొందర చూస్తే నాకు బాధేస్తుంది.

యదుమహారాజుకు అవధూత చెప్పిన 24 మంది గురువుల కథ మనకు కొత్త కాదు. భాగవతం ఏకాదశ స్కంధం విన్నవాళ్లందరికీ తెలిసిందే. ఆ గురువుల్లో తేనెటీగ ఉంది, శలభం ఉంది, సాలీడు ఉంది. సాలీడు తనలోంచి తీసిన దారంతో గూడు అల్లి, ఆ దారాన్ని మళ్లీ తానే మింగేస్తుంది. పరమాత్మ సృష్టిలయలు కూడా అలాంటివేనని అవధూత గ్రహించాడు. గుండ్రటి గూళ్లు అల్లే సాలీళ్లు నిజంగానే పాతగూడు తినేసి కొత్తది అల్లుకుంటాయి. ఎంతసేపు కదలకుండా కూర్చుంటే ఆ సంగతి కంటపడుతుంది! మనమేమో పురాణం విని ఇంటికొచ్చి, చీపురుతో గూడు దులిపేస్తాం.

కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేదాన్ని కాసేపు చూడండి, కదులుతుంది. నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అది. ఎదిగాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ములు రెండు పైకి లేస్తాయి, ఘాటు వాసన కొడుతుంది. తర్వాత ఒకనాడు మేత మానేసి, సన్నటి పట్టుదారంతో తనను రెమ్మకు కట్టేసుకుని ఉండిపోతుంది.

చిక్కుడు తీగ కొసన పేనుబంక నల్లగా పట్టిందని మందు కొడతాం. దాన్ని తినడానికి అక్షింతల పురుగు అప్పటికే అక్కడికి చేరి ఉంటుంది. దాని పిల్ల తల్లిలా గుండ్రంగా ఉండదు, పొడుగ్గా నల్లగా ఉంటుంది. అదీ పేనుబంకనే తింటుంది. తెలియక దాన్నీ చంపేస్తున్నాం. పేనుబంక త్వరగానే మళ్లీ పుడుతుంది, తినేవి మాత్రం అంత త్వరగా రావు.

మాండవ్య మహర్షిని శూలమెక్కించిన కథ గుర్తుందా? ఏ పాపానికని యముణ్ణి నిలదీస్తే, చిన్నప్పుడు పురుగుల్ని గడ్డిపోచతో గుచ్చావన్నాడు. మహర్షి కోపించి శపిస్తే ఆ యమధర్ముడే విదురుడై పుట్టాడు. 14 ఏళ్ల లోపు చేసింది పాపం కారాదని హద్దు పెట్టిందీ ఆ మహర్షే. మందు సీసా పట్టుకున్న మనకు ఆ వయసు ఎప్పుడో దాటింది.

పంటే బతుకైన రైతును అనే హక్కు నాకు లేదు. నా మాటల్లా నాలుగు కుండీలున్న ఇంటివాళ్లతోనే. నాలుగాకులు తింటే తిననివ్వండి. చవితికి పత్రి కోసేటప్పుడు మారేడు చిగురు మీద ఆ సీతాకోకచిలుక పెట్టిన గుండ్రటి లేతపసుపు గుడ్డు కనిపిస్తే, పిల్లల్ని పిలిచి చూపించండి. ఆ రెమ్మ వదిలేసి పక్క కొమ్మ తుంచండి. 21 పత్రులకు లోటేమీ రాదు.