ముట్టుకుని చూసే అధికారం

మా ఇంట్లో చిన్నప్పుడు నేను ఎక్కువసార్లు విన్న మాట "ముట్టుకోకు". దండెం మీది మడిబట్టలు ముట్టుకోకు. ఆవకాయ జాడీ ముట్టుకోకు. తాతయ్య పుస్తకాల పెట్టె అసలే ముట్టుకోకు. తెల్లవారకముందే తాతయ్య పంచలో కూర్చుని మా అన్నయ్యకు వేదం సంత చెప్పేవారు. తలుపు వెనకాల బియ్యం ఏరుతూ వినేదాన్ని. ఒకరోజు అన్నయ్య తడబడిన చోట లోపలినుంచి నేను అందించాను. తాతయ్య నవ్వారు. దగ్గరికి పిలిచి తల నిమిరి, "కంఠం బాగుంది తల్లీ, కానీ నీకు అధికారం లేదు" అన్నారు. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదాన్నేమో. అంత ముద్దుగా అనేసరికి నోరు పెగల్లేదు.

తర్వాత భౌతికశాస్త్రం చదువుకున్నాను, జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా తిరుపతిలో అలిపిరి దారిలో రీజినల్ సైన్స్ సెంటర్ ఉంది, 1993లో వచ్చింది. కొండకు పోయే జనం దాని ముందునుంచే పోతారు. ఇలాంటి చోట్ల గురించి అధికారులు మాట్లాడితే "ఆడుతూ పాడుతూ సైన్సు" అంటారు. బానే ఉంది కానీ, అది పైపై మాట. ముట్టుకోమని చెప్పే మ్యూజియం ఒక పాత తగాదాలో తలదూరుస్తోంది. తెలుసుకునే అధికారం ఎవరికి ఉంది అన్నదే ఆ తగాదా.

మా స్కూల్లో తిరిగే పీట ఒకటి ఉండేది. పాత స్టూలు కింద మెకానిక్ షాపులో అడిగి తెచ్చిన బేరింగు బిగించాం. పిల్లను దాని మీద కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు ఇటుకలు పెట్టి, చేతులు బార్లా చాపమని మెల్లగా తిప్పేవాళ్ళం. చేతులు గుండెలకు దగ్గరగా ముడవగానే పీట గిర్రున వేగం అందుకుంటుంది. చాపితే మళ్ళీ నెమ్మదిస్తుంది. ఎవరూ తొయ్యడం లేదు, ఎవరూ ఆపడం లేదు. ఇటుకలు తీసేసి సైకిలు చక్రం ఇచ్చేవాళ్ళం. ఇరుసు రెండు కొసలూ పట్టుకుని, తిరుగుతున్న చక్రాన్ని నిలువునుంచి అడ్డానికి వంచితే పీట దానంతట అది తిరగడం మొదలుపెడుతుంది. ఇంకోవైపు వంచితే ఇంకోవైపు. కోణీయ ద్రవ్యవేగం అని బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా రానిది, చక్రం మొండికేసి మణికట్టును మెలితిప్పిన ఆ క్షణంలో వస్తుంది. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల పీట దిగుతూ, "టీచర్, ఇంకోసారి" అంటుంది.

ఆ పీట ఎవరినీ గోత్రనామాలు అడగలేదు. డీఈఓ గారబ్బాయికి ఎలా తిరిగిందో, మా అటెండరు కూతురికీ అలాగే తిరిగింది. దేవుడి ముందు అందరూ సమానమే అంటారు. నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే ప్రత్యేక దర్శనం క్యూ పక్కన నిలబడి ఆ మాట అనడం కొంచెం కష్టం.

ఇలాంటి మ్యూజియాలకు దారి చూపినవాళ్ళలో ఒకాయన, తెలుసుకునే చోటునుంచి వెలివేయబడ్డవాడు. ఫ్రాంక్ ఓపెన్‌హైమర్, అణుబాంబు ఓపెన్‌హైమర్‌కు తమ్ముడు. తనూ ఆ బాంబు ప్రాజెక్టులో పనిచేసినవాడే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నానని 1949లో ఒప్పుకోవడంతో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో కొలువు పోయింది. చాలా ఏళ్ళు మరే విశ్వవిద్యాలయమూ రానివ్వలేదు. కొలరాడోలో పశువులు కాసుకుని బతికాడు. తర్వాత అక్కడి పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెప్పాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, 1915 నాటి ఎగ్జిబిషన్ కోసం కట్టిన పాత భవనంలో, ఎక్స్‌ప్లోరటోరియం తెరిచాడు. దాని పద్ధతులు గమనించదగ్గవి. ముందు ఇది చూడు, తర్వాత అది చూడు అన్న వరస లేదు. పాసూ ఫెయిలూ లేవు. వస్తువులు తయారుచేసే వర్క్‌షాపును వెనకాల దాచకుండా, వచ్చినవాళ్ళ కళ్ళెదుటే పెట్టాడు. ఇంకా నచ్చే సంగతి, తమ ప్రదర్శనలు ఎలా తయారుచేయాలో 'కుక్‌బుక్' అని పేరుపెట్టి పుస్తకాలుగా అచ్చువేశారు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు.

ఇది చదివినప్పుడు నాకు రామానుజులు గుర్తొచ్చారు. రహస్యంగా ఉంచమని గురువు చెప్పిన మంత్రాన్ని తిరుక్కోష్టియూరు గుడి ఎక్కి అందరికీ వినబడేలా చెప్పారని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. చెబితే నరకం అని తెలిసీ చెప్పారట. తిరుపతిలో పుట్టి పెరిగినదాన్ని, ఈ కథ ఎన్ని హరికథల్లో విన్నానో. వింటూ అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఇంటికెళ్ళి మళ్ళీ "ముట్టుకోకు" అంటారు.

ఉద్యోగంలో చేరాక తాతయ్య పెట్టె తెరిచాను. అడ్డుకోవడానికి అప్పటికి ఆయన లేరు. ఛాందోగ్యం తెలుగు తాత్పర్యంతో చదువుతుంటే ఆరో అధ్యాయంలో నా లాబొరేటరీ కనబడింది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును మర్రిపండు తెమ్మంటాడు, పగలగొట్టమంటాడు, లోపలి గింజను చీల్చమంటాడు, ఏం కనబడుతోందని అడుగుతాడు. రాత్రి నీళ్ళలో ఉప్పు వేయించి, పొద్దున ఆ ఉప్పు తీసిమ్మంటాడు. దొరకదు. పైన రుచి చూడు, మధ్యలో చూడు, అడుగున చూడు అంటాడు. అంతకుముందు పదిహేను రోజులు అన్నం మానిపించి, ఇప్పుడు వేదం చెప్పు అంటే వాడికి ఒక్క ముక్క గుర్తు రాదు. తిండికీ మనసుకూ సంబంధం ఉందని ఉపన్యాసం ఇవ్వలేదు, చేయించి చూపించాడు. అదే ఉపనిషత్తులో సత్యకాముడు తన గోత్రం తెలియదని, తల్లికీ తెలియదని నిజం చెబితే గురువు చేర్చుకున్నాడు. అదే కథను బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణం శూద్రులకు తలుపు మూయడానికి సాక్ష్యంగా వాడుకుంది. తాతయ్య పక్షానా గ్రంథం ఉంది, నా పక్షానా ఉంది. ఆయన బతికుండగా తెలిసి ఉంటే మంచి వాదన జరిగేది.

ముట్టుకుంటే సత్యం చేతికొస్తుందా అని నా స్నేహితురాలు, తత్వశాస్త్రం లెక్చరరు, నన్ను ఆటపట్టిస్తుంది. న్యాయమైన ప్రశ్నే. మర్రిగింజ చీల్చిన శ్వేతకేతువుకు ఏమీ కనబడలేదు. అక్కడినుంచి తండ్రి "శ్రద్ధ ఉంచు" అనే చెప్పాల్సి వచ్చింది. ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణం అన్న చార్వాకుడు సైన్సు టీచరుగా ఒక్క పీరియడు కూడా గడపలేడు. ఎలక్ట్రాన్‌ను నేనెప్పుడు చూశాను గనక? మ్యూజియంలోనూ పక్కన బోర్డు మీద రాసింది నమ్మే ముందుకు పోతాం. నైయాయికులు నాలుగు ప్రమాణాలు చెప్పి, ఆప్తవాక్యాన్ని అందులో చేర్చింది ఊరికే కాదు. తేడా ఒక్కటే. ఆ బోర్డు మీద అనుమానం వస్తే దాని వెనక్కి పోవడానికి దారి ఉంది, పొమ్మనే అంటారు కూడా. వర్క్‌షాపు తలుపు తీసి ఉంచడం అందుకే.

దీన్ని గుడికి పోటీగా చెప్పడం లేదు. నేను కొండకు పోతాను. గర్భగుడి ముందు దీపాల వెలుగులో స్వామి కనబడే ఆ రెప్పపాటులో నాకే వివరణా అక్కర్లేదు. ముట్టుకోవాలనీ ఉండదు. దూరం ఆ అనుభవంలో భాగం. "జరగండి, జరగండి" అంటారు, జరుగుతాను. మ్యూజియంలో మాత్రం ఎవరూ జరగమనకూడదు.

పుట్టుకతో వచ్చే అధికారాన్ని కాదన్నంత మాత్రాన అధికారం అన్నదే లేదనను. వేదాంతం అడిగే అర్హతల్లో శమం, దమం, తితిక్ష ఉన్నాయి. అవి సంపాదించుకునేవి. సైన్సు పార్కుల్లో రెండు పెద్ద పుటాకార పళ్ళేలు దూరంగా ఎదురెదురుగా నిలబెట్టి ఉంటాయి. ఒక పళ్ళెం నాభి దగ్గర గుసగుసలాడితే అవతలి పళ్ళెం నాభి దగ్గర చెవి పెట్టినవాళ్ళకు స్పష్టంగా వినబడుతుంది. పిల్లలు పరుగెత్తుకొచ్చి ఇద్దరూ ఒకేసారి అరుస్తారు. ఏం వినబడదు. "పాడైపోయింది టీచర్" అని పోతారు. ఒకడు నోరు మూసుకుని, తల సరైన చోట పెట్టి ఆగితేనే అది పలుకుతుంది. బటన్ నొక్కి, ఏం జరిగిందో చూడకుండా పక్కదానికి ఉరికే పిల్లవాడు ముట్టుకున్నాడు కానీ చూడలేదు. ఆ ఓర్పును మ్యూజియం ఇవ్వలేదు, చోటు మాత్రమే ఇవ్వగలదు.

ఆ చోటును మనం ఎలా వాడుతున్నామో చెబితే బాధేస్తుంది. ఉదయం దర్శనం, మధ్యాహ్నం జూ, మధ్యలో మిగిలిన అరగంటలో సైన్స్ సెంటరు. పిల్లలు రెండు వరసల్లో, చేతులు కట్టుకుని, గది తర్వాత గది దాటిపోతారు. వెనకనుంచి టీచరు గొంతు: "ముట్టుకోవద్దురా, పాడైతే ఎవరు కడతారు?" ముట్టుకోవడానికే కట్టిన చోట ఆ మాట! వాడితే వస్తువులు పాడవుతాయి, బాగుచేసుకోవాలి, దానికే వర్క్‌షాపు. శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించే తత్వం పెంచుకోవడం పౌరుడి విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలోని 51-ఏ అధికరణంలో చేర్చారు. మా పిల్లలు దాన్ని సోషల్ పరీక్షకు కంఠస్థం చేస్తారు. నేను తలుపు వెనకాల వేదం పట్టినట్టే.

జనకుడి సభలో గార్గి వరసగా అడుగుతూ పోతే, ఇక అడిగితే తల పగులుతుందని యాజ్ఞవల్క్యుడు హెచ్చరించాడు. ఆమె ఆగింది. కాసేపటికి లేచి ఇంకో రెండు ప్రశ్నలు అడిగింది. బృహదారణ్యకంలో ఇది ఉంది, తాతయ్యకు కంఠతా వచ్చేది.

తోటి టీచర్లకు నా విన్నపం. ఈసారి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు జూ మానుకోండి. గేటు దగ్గరే వరసలు విడగొట్టండి. అన్నీ చూపించాలనుకోకండి, మూడో నాలుగో వస్తువుల దగ్గర వాళ్ళను వదిలేసి మీరు కాసేపు టీ తాగి రండి. ఏదైనా విరిగితే నిర్వాహకులకు చెప్పండి, పిల్లవాణ్ణి తిట్టకండి. తిరిగే పీట దగ్గర మాత్రం ముందు ఆడపిల్లల్ని కూర్చోబెట్టండి. మగపిల్లలు ఎలాగూ తోసుకుని వస్తారు.