తడి ఆరని గోడ

హ్యూస్టన్ పక్కన కేటీలో అన్నదమ్ములవి ఎదురెదురు ఇళ్లు. 2017 ఆగస్టు చివర్లో హార్వీ తుపాను వానలకు రెండిళ్లలోకీ మోకాటి లోతు నీళ్లొచ్చాయి.

నీళ్లు తీయగానే స్నేహితులూ, ముక్కూమొహం తెలియనివాళ్లూ సుత్తులు, రంపాలు పట్టుకొచ్చారు. అక్కడ లోపలి గోడలంటే కర్ర నిలువులకు బిగించిన డ్రైవాల్ పలకలే. పలక మధ్యలో జిప్సమ్, రెండు పక్కలా అట్ట. నీళ్లు మోకాటి దగ్గరే ఆగినా తడి లోలోపల పైకి ఎగబాకుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే అట్టకు బూజు మొదలవుతుంది. అందుకే నేల నుంచి నాలుగడుగుల దాకా కోసేశారు. పలక వెడల్పూ నాలుగడుగులే కాబట్టి మళ్లీ బిగించడం తేలిక. వెనకనున్న గాజుపీచు నీళ్లోడుతూ ముద్దలుగా ఊడొచ్చింది.

దసరా దగ్గరపడింది. "పండక్కైనా ఇల్లు అవుతుందా?" అని ఊరి నుంచి ఫోన్లు. అన్న కర్రను చేత్తో తడిమాడు. పొడిగానే తగిలింది. కొత్త పలకలు వేయించి, రంగు కొట్టించి, పండగ చేశాడు.

తమ్ముడు తేమ కొలిచే మీటరు కొని, దాని సూదులు కర్రలో గుచ్చాడు. 22 శాతం. 15కు దిగేదాకా మూయొద్దన్నాడు మేస్త్రీ. ఫ్యాన్లు, డీహ్యూమిడిఫైయర్ నడిపిస్తూ, రోజూ కొలిచి ఆ కర్ర మీదే పెన్సిలుతో అంకె వేసుకున్నాడు. వంటగది సింకు వెనక కర్ర 18 దగ్గర మొండికేసింది. దీపావళికీ గోడల్లేవు. పిల్లలు నిలువుల సందుల్లోంచి గదిలోంచి గదిలోకి దూరి ఆడుకున్నారు.

సంక్రాంతినాటికి అన్న ఇంట్లో ముక్కిన వాసన. సోఫా జరిపితే గోడ అడుగున నల్లటి మచ్చలు. కొత్త పలకలన్నీ కోయక తప్పలేదు. ఈసారి సాయానికి జనం లేరు. తమ్ముడొక్కడే రంపంతో వీధి దాటి వచ్చాడు, మీటరు జేబులో వేసుకుని.

నీతి: గోడ కోసేనాడు పదిమంది ఉంటారు. అది ఆరేదాకా ఓర్చుకోవాల్సింది ఇంటివాళ్లే. నేను అన్నను తప్పుపట్టను. అంతమంది అడుగుతుంటే బోసిగోడల మధ్య పండగ గడపడం ఎవరికైనా కష్టమే. వరదలో మునిగిన ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఇంకా కాలేదా?" అని అడక్కండి. పండక్కి వాళ్లనే మీ ఇంటికి భోజనానికి పిలవండి. గోడలు మూసే తొందర కాస్తైనా తగ్గుతుంది.