గుండె లయ – ప్రాణాయామం



ఆరోగ్యవంతుడి గుండె గడియారంలా కొట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా కొట్టుకోదు. ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. స్పందనకూ స్పందనకూ మధ్య ఉండే ఈ హెచ్చుతగ్గులనే హార్ట్ రేట్ వేరియబిలిటీ అంటారు. చేతి వాచీలు ఇప్పుడు చూపిస్తున్నది దీన్నే. ఆ అంకెను పక్కవారితో పోల్చుకోకండి, అది మనిషి మనిషికీ మారుతుంది.

మన ప్రమేయం లేకుండా గుండెను, జీర్ణక్రియను, చెమటను నడిపేది అటానమిక్ నాడీవ్యవస్థ. ఇందులో సింపథటిక్ భాగం కొరడా, పారాసింపథటిక్ భాగం పగ్గం. రథానికి రెండూ కావాలి. ఇవి మన మాట వినవు. శ్వాస మాత్రం దానంతటది నడుస్తుంది, మనం చెబితే వింటుంది కూడా. పెద్దలు సంధ్యావందనంలో గాయత్రీ జపానికి ముందు ప్రాణాయామం ఉంచారు.

ఇటలీ వైద్యుడు బెర్నార్డి బృందం 23 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు ప్రచురించింది. క్రైస్తవుల జపమాల ప్రార్థన చేసినా, బౌద్ధ మంత్రం జపించినా శ్వాస నిమిషానికి సుమారు 6కు తగ్గి, గుండె లయలో హెచ్చుతగ్గులు పెరిగాయి. పేరు ఏ దైవానిదైనా దేహం స్పందించిన తీరు ఒక్కటే.

ఇక ముఖ్యమైన మాట. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగర్ ఈ నాడులనే దెబ్బతీస్తుంది. అప్పుడు గుండె నిజంగానే గడియారంలా కొట్టుకుంటుంది. గుండెపోటు వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. షుగర్ పడిపోయినా దడ, చెమట రాకపోవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరగవచ్చు.

ఖతార్‌లో మధ్యాహ్నపు ఎండలో బయటి పనిపై నిషేధం సెప్టెంబర్ 15తో ముగుస్తుంది. ఎండ మాత్రం ముగియదు. నవరాత్రులు వచ్చేది ఆ తరువాతే. ఇన్సులిన్, షుగర్ మాత్రలు వాడేవారు, సైటులో పనిచేసే సోదరులు డాక్టరును అడగకుండా ఉపవాసం పట్టవద్దు. కళ్లు తిరిగితే వెంటనే ఏదైనా తీపి తీసుకోండి. ఆయాసంగానీ, ఛాతీలో బరువుగానీ అనిపిస్తే 999కి ఫోన్ చేయండి. అమ్మవారు బిడ్డ ఆకలిని కొలిచి వరాలివ్వదు.

ఉపవాసం ఉండలేనివారు రోజూ 10 నిమిషాలు అమ్మ నామాన్ని నెమ్మదిగా, దీర్ఘశ్వాసతో జపించండి. మందులు మానకండి. ప్రాణాయామం మందుకు తోడు, బదులు కాదు.

శుభం భూయాత్.