కనిపించని చేప మీద ఫిర్యాదు

ఎల్లారెడ్డి పక్కనున్న పోచారంలోనో, మంజీర మీది నిజాంసాగర్‌లోనో చేపపిల్లలను వదిలే తీరు ఈ ప్రాంతంలో చాలామంది చూసిందే. 2016-17 నుంచి తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వం వంద శాతం రాయితీ మీద బొచ్చె, రవ్వ, మ్రిగాల పిల్లలను పంచడం మొదలుపెట్టింది. ఎండాకాలం ఎండిపోయే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలు. ఆక్సిజన్ నింపిన సంచిని కాసేపు నీళ్ల మీద తేలనిచ్చి, లోపలి వేడి బయటి వేడితో కలిశాక మూతి విప్పుతారు. పిల్లలు ఒడ్డు పక్కన కాసేపు గుంపుగా తచ్చాడి, ఉన్నట్టుండి లోతుకు దిగిపోతాయి. మళ్లీ అవి మనిషి కంటపడేది నెలల తర్వాత, వలలోనే. ఆ నెలల్లో ఏ మత్స్య సహకార సంఘం సభ్యుడూ తన చేపలకు బిడియం ఎక్కువైందని బెంగపడడు. పైన తేలుతూ కనిపిస్తేనే ఆయనకు గుబులు: కొంగ ఎత్తుకుపోయేది ఆ చేపనే, రోగమొచ్చి తేలేదీ ఆ చేపే. కంటపడకుండా దాగే ఆ పనే కామారెడ్డిలో ఒకరి ఇంటి హాల్లో, ఉప్పునీటి తొట్టిలో కొత్త చేప చేస్తే మాత్రం ఫిర్యాదవుతుంది. వేలు పోసి తెచ్చాం, రాళ్ల సందులోంచి బయటికే రావడం లేదు, అని. రెండు చోట్లా చేప చేసింది ఒకటే. తేడా అంతా చూసేవాళ్లు పెట్టుకున్న గడువులో ఉంది. జలాశయంలో చేప మీద మన హక్కు నెలల తర్వాత మొదలవుతుంది. తొట్టిలో డబ్బు కట్టిన నిమిషం నుంచే మొదలైందనుకుంటాం. ఆ రెండో లెక్క తప్పని, దాగి ఉండే కాలం కొత్త చేపకు న్యాయంగా దక్కాల్సిన కాలమని నా వాదన.

ముందు ఆ చేప ఒంట్లో ఏం జరుగుతోందో చూడాలి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, ఆర్‌ఓ నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలిపి లీటరుకు 35 గ్రాముల దగ్గర నిలబెట్టిన కృత్రిమ సముద్రం అది. పోచారం బొచ్చె నీళ్లు తాగదు. దాని ఒంట్లో ఉప్పు బయటకంటే ఎక్కువ కాబట్టి నీళ్లు వాటంతటవే లోపలికొస్తాయి, వాటిని పలుచటి మూత్రంగా బయటికి పంపడమే దాని పని. సముద్రపు చేపది సరిగ్గా తలకిందుల బతుకు. దాని ఒంట్లోని లవణాల సాంద్రత చుట్టూ ఉన్న నీటిలో దాదాపు మూడో వంతే. ఒంట్లోని నీరు ఎప్పుడూ బయటికి జారిపోతుంటుంది గనక అది అదేపనిగా ఉప్పునీళ్లు తాగుతూ, మిగిలిన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి నెట్టేస్తూ ఉండాలి. చాలా దుకాణాల్లో తొట్టి ఉప్పదనం కాస్త తక్కువగా ఉంచుతారు. అక్కడి నుంచి ఇంటి తొట్టికి మారితే ఆ కణాలు కొత్త లెక్కకు సర్దుకోవడానికి రోజులు పడుతుంది. దీనికి తోడు సంచిలో ప్రయాణం. చేప వదిలిన గాలితో సంచి నీళ్లు పులుపెక్కుతాయి, అమ్మోనియా పేరుకుంటుంది కానీ ఆ పులుపు వల్ల అంతగా కరవదు. సంచి విప్పి గాలి తగిలాక పులుపు తగ్గుతుంది, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. ఇన్ని దాటి వచ్చిన జీవి ఒక మూల కదలకుండా ఉందంటే ఖాళీగా ఉందని కాదు. ఈదడానికి పెట్టాల్సిన శక్తిని లోపలి మరమ్మతుకు పెడుతోంది.

ఇక దాని వెనుక వంశం ఉంది. పగడపు దిబ్బల చేపల పిల్లలు మొదట విశాల సముద్రంలో కొట్టుకుపోతూ పెరిగి, తర్వాత ఒకనాడు దిబ్బ మీద వాలుతాయి. దిబ్బలో అవి కొత్తవాళ్లన్నమాట. ఇలా వాలిన పిల్లల మీద జరిగిన అధ్యయనాలను గ్లెన్ ఆల్మనీ, మైఖేల్ వెబ్‌స్టర్ అనే పరిశోధకులు 2006లో కలిపి చూస్తే, సగటున సగానికి పైగా ఒకటి రెండు రోజుల్లోనే వేటకు బలైపోతున్నాయని తేలింది. మొదటి రెండు రోజులే అసలు గండం. అలాంటప్పుడు నేడు సముద్రంలో ఉన్న ప్రతి దిబ్బచేపా ఆ రెండు రోజులు గట్టెక్కిన వాటి సంతానమే. తెగువకు మంచినీళ్లలోనూ ఇదే ధర. 1992లో లీ డుగాట్కిన్ అనే పరిశోధకుడు గప్పీ చేపలను వేటచేప దగ్గరికి వెళ్లి చూసివచ్చే తెగువను బట్టి మూడు జట్లు చేసి, వేటచేప ఉన్న తొట్టిలో వదిలాడు. 60 గంటల తర్వాత జంకు జట్టులో 40 శాతం, మధ్య జట్టులో 15 శాతం బతికి ఉన్నాయి. తెగువ జట్టులో ఒక్కటీ మిగల్లేదు. మన ఇళ్లలో పిల్లి ముందుకెళ్లి నిలబడే ఎలుకను ఎవరూ వీరుడని మెచ్చుకోరు గానీ, చేప విషయంలో మాత్రం గాజు దగ్గరికొచ్చి మొహం చూపించేదే మంచి చేప అనే అభిప్రాయం ఎందుకో పాతుకుపోయింది.

మరి ఇంటి తొట్టిలో వేటచేప లేదు కదా, ఉత్తుత్తి భయానికి ఇంత గౌరవం ఎందుకు అని అడగవచ్చు. రెండు జవాబులున్నాయి. వేటచేప లేదన్న సంగతి మనకు తెలుసు. చేప మాత్రం ప్రతి సందునూ తానే పరీక్షించుకుని తెలుసుకోవాలి, దానికి మనం హామీ పత్రం రాసివ్వలేం. పైగా భయం పూర్తిగా ఉత్తుత్తిది కూడా కాదు. ముందు నుంచీ ఉంటున్న డామ్సెల్ చేప రెండడుగుల తొట్టిని మొత్తం తన పట్టాభూమి అనుకుంటుంది. కొత్తది తల బయటపెట్టినప్పుడల్లా తరిమి తోక కొరుకుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు ఒకటి రెండు రోజులు దీపాలు ఆర్పేసి ఉంచుతారు, రాళ్ల అమరిక మార్చి పాత హద్దులు చెరిపేస్తారు, డామ్సెల్‌ను అన్నిటికంటే చివర్లో వేస్తారు. ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒక వింత: దాక్కోవడానికి చోటు తగ్గిస్తే చేప ఎక్కువ కనబడుతుందని రాళ్లు తీసేసేవాళ్లకు ఫలితం తిరగబడుతుంది. సందులు ఎక్కువున్న తొట్టిలోనే చేప ఎక్కువ తిరుగుతుంది, ఎటు నుంచి ఉలిక్కిపడ్డా దూరడానికి దగ్గర్లో చోటుంది గనక. జార్జ్ బార్లో అనే ప్రవర్తనా శాస్త్రవేత్త 1968లో ఇంకో ఉపాయం రాశాడు. బెదురు చేపలున్న తొట్టిలో పైపైన నిశ్చింతగా తిరిగే చిన్న చేపల గుంపును వేస్తే బెదురు తగ్గుతుందని. పైవాళ్లు పారిపోవడం లేదంటే ఆపద లేదని కిందివాళ్లకు అర్థమవుతుంది. చేపకు ధైర్యం చుట్టుపక్కల నుంచే వస్తుంది. బయటికి లాగితే రాదు.

గట్టి అభ్యంతరం మరొకటి ఉంది. గౌరవం పేరుతో నిర్లక్ష్యం చేస్తే? దాగిన చేపల్లో కొన్ని నిజంగా జబ్బుతో దాగినవే, తిండి ముట్టక చచ్చేవీ ఉంటాయి. దీన్ని నేను ఒప్పుకుంటాను, అయితే చేయాల్సింది కదిలించడం కాదంటాను. కదిలించకుండా చూడటం నేర్చుకోవాలి. దూరంగా కూర్చుని సందులోకి చూస్తే కనిపించేది ఒక కన్నూ, ఒక మొప్ప తలుపూ మాత్రమే. అదే చాలు. మొప్ప నిదానంగా తెరుచుకుని మూసుకుంటోందా, పరుగెత్తి వచ్చినదానిలా ఎగరేస్తోందా? తిండి గింజ ముందు నుంచి తేలిపోతుంటే కన్ను దాని వెంట తిరిగిందా? తిరిగితే సగం దిగులు తీరినట్టే, ఆకలి పుట్టిందన్నమాట. రంగు వెలసినా మొదట్లో పరవాలేదు గానీ, రెక్కలు ఒంటికి అతుక్కునే ఉంటే, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు తేలితే, పొట్ట లోపలికి పీక్కుపోతే అప్పుడు ఆలస్యం చేయకూడదు. రాస్ జాతి చేపల్లో చాలావాటికి తొట్టిలో వేయగానే ఇసుకలో దూరి రోజుల తరబడి కనిపించకపోవడం మామూలే. వాటి కోసం ఇసుక తవ్వేవాడు జబ్బు వెతకబోయి జబ్బు తెచ్చిపెడతాడు. గాజు మీద వేలితో కొట్టేవాడి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

కొన్ని చేపలు పుట్టుకతోనే పిరికివి, ఎంతకాలం ఆగినా అంతే అనే మాటలో కొంత నిజముంది, కానీ అనుకున్నంత లేదు. 1993లో డేవిడ్ స్లోన్ విల్సన్ అనే శాస్త్రవేత్త బృందం పంప్‌కిన్‌సీడ్ సన్‌ఫిష్ అనే మంచినీటి చేప మీద పని చేసింది. చెరువులో కొత్త బోనుల్లోకి తామే వచ్చినవీ, బోను వైపు రాక వలతో పట్టాల్సి వచ్చినవీ రెండు రకాలుగా తేలాయి. బోనుకు వచ్చినవి ప్రయోగశాలలో త్వరగా తిండికి అలవాటు పడ్డాయి. అయితే విడివిడిగా కొంతకాలం ఉంచాక రెండు రకాల మధ్య తేడాలు చెరిగిపోయాయి. జంకన్నది చేప ఎముకల్లో లేదని, చేపకూ అదున్న చోటుకూ మధ్య ఉందని దీన్ని బట్టి నేను అర్థం చేసుకుంటున్నాను. మరికొన్నిటికి దాగడం బెదురు కూడా కాదు, బతుకుతెరువు. మన రాష్ట్ర చేప కొర్రమట్ట సంగతే చూడండి. నాచు మాటున కదలకుండా పొంచి ఉండి వేటాడే చేప అది. మిరుగం నాడు మార్కెట్లో దానికున్న గిరాకీ చూశాక దాన్ని పిరికిదనే ధైర్యం ఎవరికీ ఉండదు. సముద్రంలో స్క్విరల్ ఫిష్ లాంటివి పగలంతా గుహల్లో గడిపి చీకటి పడ్డాకే తిరుగుతాయి. పగటిపూట అవి దాక్కున్నాయనడం, నిద్రపోయేవాణ్ణి మొహం చాటేశాడనడమే.

చివరిగా అన్నిటికంటే బరువైన ప్రశ్న. చేపకు కనిపించకుండా ఉండే హక్కు ఉందంటున్నప్పుడు, నాలుగు గాజు పలకల మధ్య పెట్టడమే ఆ హక్కును కాదనడం కాదా? అవును, కొంతవరకు కాదనడమే. మంచినీటి అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం ఫారాల్లో పుట్టినవైతే, ఉప్పునీటి అలంకార చేపల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దిబ్బల నుంచి పట్టి తెచ్చినవే. మూడు అడుగుల తొట్టిలో ఎన్ని రాళ్లు పేర్చినా ఆ బాకీ తీరదు. దాగే చోటిచ్చి, గడువిచ్చి ఆ బాకీలో కొంత తగ్గించగలం, అంతే. అందుకే కనిపించాలన్న కోరికను తొట్టి ముందు కూర్చుని కాదు, దుకాణంలోనే తేల్చుకోవాలంటాను. మన దేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన మండపం కేంద్రం క్లౌన్ చేపలను హ్యాచరీలో పుట్టించి పెంచే పద్ధతులు రూపొందించింది. అలా పుట్టిన పిల్లలు మనిషి నీడను తిండి వేళగా ఎరిగినవి, సాధారణంగా కొద్ది రోజుల్లోనే గాజు దగ్గరికి వస్తాయి. హాల్లో అతిథులకు చూపించడానికే చేప కావాలనుకునేవారు వాటిని కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. దిబ్బ నుంచి వచ్చిన ఫైర్‌ఫిష్‌నో రాస్‌నో తెచ్చుకునేవారు మాత్రం దాని ధరతో పాటు కొన్ని వారాల ఖాళీ తొట్టిని కూడా కొంటున్నామని ముందే లెక్క వేసుకోవాలి.