మంచి మాటకు కమీషన్ తీసుకోవచ్చునా?



మొన్నటి వేసవి సెలవులలో ఒక సాయంత్రం మా విచారణకు చెందిన రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు నన్ను చూడవచ్చారు. ముప్పై ఏళ్ళకు పైగా సర్కారు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. భిన్నాలంటే బెదిరిపోయే పిల్లవాడిని ఆయన దగ్గర నెలరోజులు కూర్చోబెడితే చాలునని మా ఊళ్ళో పేరు. ఆయన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకోసం వీడియో పాఠాలు తయారుచేసి, వాటికి తోడుగా ఒక అభ్యాస పుస్తకం కూడా అచ్చు వేయించారు. వెల రెండు వేల రూపాయలు. పాఠాలు నేను చూశాను, బాగున్నాయి. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. సరుకు చెడ్డదైతే మనకు ఈ చర్చతో పనే లేదు గదా!

అయితే ఆయన ఆ రోజు తెచ్చిన కాగితం పాఠాల గురించి కాదు, వాటి అమ్మకం గురించి. పట్నంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు చెప్పిన పద్ధతి. దీనిని అఫిలియేట్ మార్కెటింగ్ అంటారు. ఇందులో చేరిన ప్రతివారికీ ఒక ప్రత్యేకమైన లింకో కోడో ఇస్తారు. వారు దానిని తెలిసినవారికి ఫోనులో పంపుతారు. ఆ లింకు నొక్కి ఎవరైనా కొంటే, సొమ్ములో ఇంత అని పంపినవారి ఖాతాలో పడుతుంది. ఈవేళ నొక్కి నాలుగు రోజుల తర్వాత కొన్నా, ఎవరి లింకు ద్వారా వచ్చారో కంప్యూటరు గుర్తు పెట్టుకుంటుంది. అమెరికాలో అమెజాన్ కంపెనీ పుస్తకాలు అమ్ముకోవడానికి 1996లో ఇటువంటి పథకం పెట్టిన తర్వాత ఇది బాగా వ్యాపించింది. ఇప్పుడు చీరలు మొదలుకొని చదువుల దాకా ఇలాగే అమ్ముడుపోతున్నాయి.

మాస్టారు నిర్ణయించిన కమీషన్ నూటికి ఇరవై. అంటే ఒక్కొక్క అమ్మకానికి నాలుగు వందలు. చేర్చుకోదలచిన వారి పట్టీ కూడా రాసుకొచ్చారు. దానిలో బడి టీచర్లున్నారు, పల్లెల్లోని మన ఉపదేశులున్నారు, పొదుపు సంఘాల స్త్రీలున్నారు. చివరి పేరు నాది. "దేవాలయం పేర ఒక కోడ్ తీసుకోండి ఫాదర్ గారూ. పూజ అయ్యాక ఒక్క మాట చెప్పండి చాలు. వచ్చిన కమీషన్ కప్పు మరమ్మతుకు వేసుకుందాం" అన్నారు. మా దేవాలయపు కప్పు సంగతి ఆయనకు బాగా తెలుసు. రెండేళ్ళుగా వానాకాలంలో గాయకబృందం కూర్చునే చోట బక్కెట్లు పెడుతున్నాము.

ఆ తర్వాత ఆయనే అడిగారు, "ఇందులో తప్పేమైనా ఉందంటారా?" అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ పది పదిహేను రోజులు ఆలోచించినదే మీ ముందు పెడుతున్నాను.

కమీషన్ తీసుకోవడమే పాపమని నేననను. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళిన ప్రతి రైతుకూ కమీషన్ ఏజెంటు తెలుసు. బస్తా అమ్మినందుకు అతనికి ఇంత ముడుతుందని కూడా తెలుసు. అతడు "ఈ రేటు మంచిది, ఇచ్చెయ్" అన్నప్పుడు రైతు ఆ మాటను ఎంత నమ్మాలో అంతే నమ్ముతాడు, మిగిలినది పక్కనున్న రైతును అడిగి తెలుసుకుంటాడు. పెళ్ళిళ్ళ పేరయ్య విషయమూ అంతే. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్న సామెత మన పెద్దలు పుట్టించారంటే, ఆ మాటల్లో ఎన్ని తీసివేసుకోవాలో ఆడపిల్ల తండ్రికి తెలుసుననే. శ్రమకు కూలి అడగడం న్యాయమే. పౌలుగారు గుడారాలు కుట్టి బ్రతికారు. మా గురువులకిచ్చే పూజ కానుక మాటేమిటని మీలో ఎవరైనా అడిగితే, అడగవలసిన ప్రశ్నే. అది ఎంతో మేత్రాణులు నిర్ణయిస్తారు, అందరికీ తెలుస్తుంది, పూజ చెప్పించమని నేను మీ ఇంటికి వచ్చి బేరం చెయ్యను.

గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుకునే రోజుల్లో మాకు ఒక పాత కథ చెప్పేవారు. రోమను పండితుడు సిసెరో ధర్మాలను గురించి రాసిన గ్రంథంలో ఉన్నది. రోడ్సు ద్వీపంలో కరవు. అలెగ్జాండ్రియా నుంచి ఒక వర్తకుడు ఓడనిండా ధాన్యంతో అక్కడికి చేరాడు. వెనుక ఇంకా ఎన్నో ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివారికి తెలియదు. ఆ సంగతి చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, వద్దా? సరుకులోని లోపం చెబితే చాలు, మిగతా వార్తలన్నీ చెప్పనక్కరలేదని డయోజెనీస్ అనే తత్త్వవేత్త వాదించాడు. కొనేవాడికి తెలియవలసినది ఏదీ దాచరాదని అతని శిష్యుడు ఆంటిపేటర్ అన్నాడు. సిసెరో శిష్యుడి పక్షమే వహించాడు. పునీత తోమాస్ అక్వినాస్ వారు మాత్రం తమ మహాగ్రంథంలో ఇటువంటి వర్తకుని గూర్చే విచారించి, చెప్పకపోయినా న్యాయం తప్పినట్లు కాదు, చెబితే అది మరింత సుగుణం అని తీర్చారు. సరుకులో దాగిన లోపం కొనేవాడికి నష్టమో ప్రమాదమో తెచ్చేదైతే దానిని చెప్పితీరాలని కూడా అక్కడే అన్నారు.

ఇంతమంది పెద్దల మధ్య నేను తీర్పు చెప్పను. కాని మా మాస్టారి కాగితం ముందు పెట్టుకుని చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. రోడ్సులో దిగినవాడు వర్తకుడని ఊరందరికీ తెలుసు. ఓడ కనబడుతోంది, ధాన్యం కనబడుతోంది. అతడు దాచినది ఒక వార్త మాత్రమే. మన లింకు పంపే పొరుగింటి అమ్మ దాచేది అంతకంటె పెద్దది. తాను అమ్ముతున్నానన్న సంగతినే ఆమె దాచిపెడుతుంది. "వదినా, మావాడికి ఇది చాలా పనిచేసింది, మీవాడికి కూడా పెట్టించు" అన్నప్పుడు వినే ఆమె దానిని వదినా మరదళ్ళ మాటగా తూకం వేస్తుంది, అంగడి మాటగా కాదు. చెప్పినది నిజమే కావచ్చు. పిల్లవాడికి మేలు కూడా కావచ్చు. అయినా తూకం వేసేవారి చేతిలోనుంచి ఒక రాయి తీసి దాచినట్లే. నాలుగు వందలు మాస్టారి జేబులోనుంచి వచ్చినట్లు కనబడుతుంది గాని, నిజానికి అవి ఆ వదినగారు తనమీద పెట్టుకున్న నమ్మకానికి కట్టిన వెల.

ఇది నేను పుస్తకాలు చదివి నేర్చినది కాదు. పన్నెండేళ్ళ క్రితం వేరొక విచారణలో ఉండగా, పిల్లలకు ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే సీడీలు పట్టుకుని ఒకాయన వచ్చాడు. దేవాలయానికి కొత్త లౌడుస్పీకరు ఇచ్చాడు. ఆదివారం పూజ చివర నేను ఆ సీడీలను మెచ్చుకుని నాలుగు మాటలు చెప్పాను. లౌడుస్పీకరు సంగతి చెప్పలేదు. చెప్పకూడదనీ అనుకోలేదు, చెప్పాలని తోచలేదు, అంతే. చాలామంది కొన్నారు. కొన్ని నెలల తర్వాత ఇండ్ల ఆశీర్వాదానికి వెళ్ళినప్పుడు ఒక తల్లి ఇంట్లో ఆ పెట్టె విప్పకుండానే బీరువా మీద ఉన్నది. సీడీలు వేసే పరికరం వారింట లేదు. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కొన్నదట. "మీరు చెప్పారు గదా ఫాదర్ గారూ" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు, అదే నన్ను బాధించింది. ఆమెకు లౌడుస్పీకరు సంగతి ఈనాటికీ తెలియదు. ఆ మైకులోనే నేను మరో మూడేళ్ళు ప్రసంగాలు చెప్పాను.

ప్రభుత్వం కూడా ఈ విషయం పట్టించుకుంది. చదువు అమ్మే కంపెనీల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలని 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖ ఒక హెచ్చరిక విడుదల చేసింది. బ్యాంకు ఖాతాలోనుంచి వాయిదాలు వాటంతటవే పోయే ఏర్పాటుకు ఒప్పుకోవద్దన్నది అందులో ఒక ముఖ్యమైన సలహా. ప్రకటనలలో వస్తువును మెచ్చుకునేవారికి అమ్మేవారితో లాభసంబంధం ఉంటే దానిని బయటపెట్టాలని 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నియమాలు చేసింది. మంచిదే. కాని వంటగదిలో వదిన చెప్పే మాట దగ్గరకు ఏ అధికారీ రాడు. అక్కడ మన మనస్సాక్షి ఒక్కటే కాపలా.

సరే, చెప్పేస్తే సరిపోతుందా? పొరుగువారి మధ్య సరిపోతుందనే నా అభిప్రాయం. "ఇది కొంటే నాకు నాలుగు వందలు వస్తాయి, అయినా మంచిదని చెబుతున్నాను" అంటే విన్న ఆమె నవ్వి కొంటుంది, లేదా నవ్వి మానేస్తుంది. స్నేహం చెడదు. కాని టీచరు తన తరగతి పిల్లవాడి తల్లితో ఆ మాట అంటే? ఉపదేశి తన పల్లెలో అంటే? నేను పీఠం దగ్గర నిలబడి అంటే? ఎంత నిజాయితీగా చెప్పినా, ఆ తల్లి 'వద్దు' అనగలదా? రేపు పిల్లవాడి మార్కులు ఆ టీచరు చేతిలో ఉన్నవి. బిడ్డ జ్ఞానస్నానానికి నా దగ్గరకే రావాలి. కాదనలేని చోట కమీషన్ సంగతి చెప్పడం వలన చెప్పినవారి మనసు తేలికపడుతుందే గాని, విన్నవారికి స్వేచ్ఛ రాదు. కనుక ఇటువంటివారు అసలు తీసుకోకూడదు. నేను కఠినంగా మాట్లాడుతున్నానని కొందరు ఉపదేశులు అనుకోవచ్చు. వారికొచ్చే జీతం ఎంతో నాకు తెలుసు. నాలుగు వందలంటే వారికి చిన్న మాట కాదు. ఆ జీతం పెంచడం మన విచారణల బాధ్యత, మాస్టారి పాఠాల బాధ్యత కాదు.

ఇవన్నీ మాస్టారితో చెప్పాను. నొచ్చుకున్నారు. వారం రోజులు ఇటువైపు రాలేదు. తర్వాత కాగితం మార్చి తెచ్చారు. పంపే ప్రతి సందేశంలో మొదటి వాక్యంగానే కమీషన్ ఎంతో ఉంటుంది. కొన్నవారు నెలలోగా తిప్పి పంపితే సొమ్ము వాపసు ఇస్తారు, చెప్పినవారికి కమీషనూ ఉండదు. ఒకరు మరొకరిని చేర్పించి దానిమీద కమీషన్ తినే గొలుసు పద్ధతి లేదు. అది ఆయన మొదట కూడా పెట్టలేదు, 1978 నాటి చట్టం ఆయనకు నాకంటె బాగా తెలుసు. టీచర్ల పేర్లు, ఉపదేశుల పేర్లు, నా పేరు కొట్టివేసి ఉన్నాయి. టీచర్ల పేర్లలో ఆయన కోడలిది కూడా ఒకటి.

"మరి వీళ్ళెవరూ చెప్పకపోతే ఎవరు కొంటారు ఫాదర్ గారూ? కొడుకు అచ్చు ఖర్చులకు అప్పు చేశాడు" అన్నారు. నా దగ్గర దానికి జవాబు లేదు. ఎన్ని అమ్ముడుపోతాయో నేను చెప్పలేను. బహుశా తక్కువే పోతాయి. ఒక్కటి మాత్రం చేశాను. నా సొంత డబ్బుతో, వెల పూర్తిగా చెల్లించి, ఒక సెట్టు కొన్నాను. మన వీధి చివర కుట్టుపని చేసుకునే ఒక విధవరాలి కొడుకు ఏడవ తరగతిలో లెక్కలు తప్పాడు. ఆ అబ్బాయికి ఇచ్చాను. పిల్లవాడు చూస్తున్నాడా, లేదా, అర్థమవుతున్నదా అని తల్లిని అడిగి చెప్పమన్నాను, మాస్టారి పేరు చెప్పకుండా. దసరా సెలవుల తర్వాత ఆమె వచ్చి చెబుతానన్నది. మాస్టారూ నేనూ ఆమె కోసం ఎదురుచూస్తున్నాము. ఈలోగా బక్కెట్లు మళ్ళీ బయటికి తీశాము.