ఓర్చినమ్మకు తేటనీరేనా?

దెబ్బకు పడకపోవడాన్ని మనం ఎందుకింత గొప్ప చేసి చెప్పుకుంటామన్నది నాకు ఎంతకీ తెగని అనుమానం. హెవీవెయిట్ బాక్సర్ల గురించి ఎక్కడ వాదన మొదలైనా అది చుట్టూ తిరిగి ఒక్కచోటికే చేరుతుంది: ఎవరు ఎక్కువ దెబ్బలు తట్టుకున్నారు, ఎవరు ఎక్కువ కాలం నిలబడ్డారు. కెనడా బాక్సర్ జార్జ్ చువాలో 93 పోటీల్లో ఒక్కసారీ నేలకు ఒరగలేదని చెప్పి వాదన ముగించేవాళ్లున్నారు. 1974లో కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో కిరీటం పోగొట్టుకున్న జార్జ్ ఫోర్‌మన్, 45 ఏళ్ల వయసులో 1994లో మైకేల్ మూరర్‌ను పడగొట్టి మళ్లీ కిరీటం తెచ్చుకున్నాడని గుర్తుచేసేవాళ్లున్నారు. ఇదే కొలబద్దను మనవాళ్లు నిజామాబాద్‌కు తెచ్చి బాక్సర్ నిఖత్ జరీన్‌కు పెట్టారు. 2017లో భుజం జారి ఆపరేషన్ అయింది, తిరిగొచ్చింది. 2019 చివర్లో మేరీ కోమ్ చేతిలో ఓడింది, తిరిగొచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. 2024లో పారిస్‌లో ఓడింది, మళ్లీ తిరిగొచ్చి 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్ స్వర్ణం గెలిచింది. ఇంత చరిత్రనూ పత్రికలు ‘పడిలేచిన కెరటం’ అనే రెండు మాటల్లో చుట్టేస్తాయి. ఈ లెక్కలో ఏదీ అబద్ధం కాదు. అయినా ఆ పొగడ్తలో ఏదో తేడా ఉంది. ఆ తేడా ఎక్కడుందో వెతకడమే ఇక్కడ నా పని.

ముందు, తట్టుకోవడం అనే ఒక్క మూటలో మూడు వేర్వేరు సంగతులు కట్టేస్తున్నామని గమనించాలి. దవడ మీద గుద్దు పడినా తూలకపోవడం ఒకటి. గాయమైన ఒళ్లు మళ్లీ కుదురుకోవడం మరొకటి. ఓటమి తర్వాత మళ్లీ బరిలోకి రావడం మూడోది. మొదటిదాన్ని గుణమని ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. పడనివాడికి పడేవాడికన్నా ఎక్కువ దెబ్బలు తగులుతాయి, అంతే. చువాలో పడలేదు నిజమే, కానీ జో ఫ్రేజియర్‌తో, ఫోర్‌మన్‌తో జరిగిన పోటీల్లో రిఫరీ మధ్యలోకొచ్చి ఆపాల్సి వచ్చింది. తలకు పడే దెబ్బలు బాక్సర్ల మెదడును ఏం చేస్తాయో హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు 1928లోనే రాశాడు. దెబ్బ తగిలినప్పుడు కూలిపోవడం ఒక రకంగా ఒళ్లు తనను తాను కాపాడుకునే దారి. ఆ దారి మూసుకుపోయినవాడు పదో రౌండ్ దాకా కొట్టించుకుంటాడు. 1980 అక్టోబర్‌లో 38 ఏళ్ల అలీ లారీ హోమ్స్ ఎదుట పది రౌండ్లు నిలబడ్డాడు. ఆ తర్వాతే మూలన ఉన్న కోచ్ ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. 1984లో అలీకి పార్కిన్సన్స్ లక్షణాలున్నాయని తేలింది. దానికి దెబ్బలొక్కటే కారణమని తేల్చడం కష్టమే. కానీ హోమ్స్ ఎదుట ఆ పది రౌండ్లూ నిలబడటం వల్ల అలీకి ఒరిగిందేమిటో ఎవరైనా చెప్పగలరా?

ఇంకో విషయం, ఆ హెవీవెయిట్ కొలబద్ద మన బాక్సర్‌కు అసలు పట్టదు. హెవీవెయిట్‌లో బరువుకు పైహద్దు లేదు కాబట్టి వాళ్లు తినకుండా ఎండిపోవాల్సిన పని లేదు. వాళ్ల పరీక్షంతా ఎదుటివాడి గుద్దులోనే ఉంటుంది. 50 కిలోల తరగతిలో పరీక్ష రింగ్‌లోకి దిగకముందే తూకం మిషన్ మీద మొదలవుతుంది. నిఖత్ ఇస్తాంబుల్‌లో గెలిచింది 52 కిలోల తరగతిలో. పారిస్ ఒలింపిక్స్‌లో మహిళలకు ఆ తరగతే లేదు. 50 ఉంది, ఆ పైన ఒక్కసారిగా 54 ఉంది. అంటే ఒళ్లు తగ్గించుకోవాలి, లేకపోతే తనకన్నా ఎక్కువ బరువున్నవాళ్లతో తలపడాలి. అదే పారిస్‌లో, కుస్తీలోని 50 కిలోల తరగతిలో, వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల తేడాతో ఫైనల్ ఆడకుండానే అనర్హురాలైంది. పోటీ రోజు పొద్దున తూకానికి తేలడం కోసం కడుపు మాడ్చుకుని, నీళ్లు మానుకునే మనిషి ఓర్పును చువాలో దవడతో ఎలా పోలుస్తాం? పైగా సీడింగ్ లేకుండా దిగిన నిఖత్‌కు రెండో పోటీలోనే చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది, నిఖత్ 0-5తో ఓడింది. ఆ తరగతిలో చివరికి స్వర్ణం గెలిచింది వూ యూనే. ఆ ఓటమిని చూసి ‘ఒత్తిడి తట్టుకోలేకపోయింది’ అన్నవాళ్లు, నోయిడా గెలుపు చూసి ‘ఎంత గట్టి మనిషి’ అన్నారు. ఏడాది పైచిలుకులో మనిషి గుణం మారిందా, లేక ఎదురైన బాక్సర్లు, తరగతి, తూకం మారాయా? తట్టుకునే గుణం అనేది గెలిచాక వెనక్కి తిరిగి రాసిచ్చే సర్టిఫికెట్ అయితే, దాంతో ముందు జరగబోయేదాన్ని చెప్పలేం. ముందు చెప్పలేనిదాన్ని గుణమని ఎందుకు అనాలి?

దీనికి మన జిల్లాలో ఒక జవాబు సిద్ధంగా ఉంది: ఇది మట్టి గుణం. ఇందూరు (నిజామాబాద్) నేలలో ఓర్పు ఉంది, ఇక్కడి పిల్లలు మొండివాళ్లు, అందుకే నిఖత్ వచ్చింది, బాక్సర్ హుసాముద్దీన్ వచ్చాడు, పాకాల నుంచి మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది అంటారు. మట్టికే ఆ గుణం ఉంటే మాక్లూర్ మట్టికీ, నిజామాబాద్ మట్టికీ తేడా ఏముంది? మరి మాక్లూర్ మండలంలో ఎంతమంది బాక్సర్లున్నారు? మట్టిని పక్కన పెట్టి చూస్తే కనిపించేది చాలా మామూలు విషయం. నిజామాబాద్‌లో శంసాముద్దీన్ అనే కోచ్ ఉన్నాడు. నిఖత్ మొదటి గురువు ఆయనే, హుసాముద్దీన్ ఆయన కొడుకు. నిఖత్ తండ్రి జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు, పిల్లను మైదానానికి తీసుకుపోయింది ఆయనే. భుజం ఆపరేషన్ తర్వాత ఆడకుండా గడిచిన కాలంలో ఆ ఇల్లు ఆమె వెనక నిలబడింది. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం వచ్చింది, పారిస్ ఓటమి తర్వాత నెల రెండు నెలల్లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. హుసాముద్దీన్ వెనక సైన్యం ఉంది. తిరిగొచ్చినవాళ్లలో ఎవరి కథ చూసినా, పడ్డ చోట వాళ్ల స్థానం పోకుండా ఎవరో ఒకరు పట్టుకున్నారు. భుజం జారిన రోజున ఎవరూ పట్టుకోనివాళ్లు తిరిగి రారు. వాళ్ల పేర్లు మనకు తెలియవు కాబట్టి తట్టుకున్నవాళ్ల లెక్క అంత నిండుగా కనిపిస్తుంది. ఉలిదెబ్బలు తింటేనే శిల శిల్పమవుతుందనే వక్తలు, ఉలి కింద పగిలి పక్కన పడేసిన రాళ్ల కుప్పను ఎప్పుడూ చూపించరు.

ఇక్కడికి వచ్చేసరికి ఒక బలమైన అభ్యంతరం లేస్తుంది. అంతా ఇల్లు, కోచ్, ఉద్యోగం అయితే మనిషిదంటూ ఏమీ మిగలదా? అవే వసతులున్న పదిమందిలో ఒక్కరే ఎందుకు తిరిగొస్తారు? ఈ ప్రశ్నను తోసిపుచ్చలేను. ఎందుకంటే నిఖత్ చరిత్రలో ఎవరి అండతోనూ లెక్క కుదరని ఘట్టం ఒకటుంది. 2019లో ప్రపంచ పోటీలకు ట్రయల్ లేకుండానే మేరీ కోమ్‌ను ఎంపిక చేశారు. ఆ తర్వాత ఒలింపిక్ అర్హత పోటీలకూ అదే దారి కనిపించింది. అప్పటికి మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత, రాజ్యసభ సభ్యురాలు, దేశమంతా నెత్తిన పెట్టుకున్న మనిషి. 23 ఏళ్ల నిజామాబాద్ అమ్మాయి నాకు న్యాయంగా ట్రయల్ పెట్టండి అంటూ అక్టోబర్‌లో క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. డిసెంబర్ 28న ట్రయల్ జరిగింది, 9-1తో ఓడింది. పోటీ అయ్యాక మేరీ కోమ్ చెయ్యి కూడా కలపలేదు. ఆ లేఖ రాయడంలో కోచ్ నేర్పిన పాఠమేమీ లేదు, ఉద్యోగ భద్రత అసలే లేదు. ఉన్నదల్లా ఆమె సొంతం. కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లకు ఇక్కడ నేను సగం లొంగుతాను: మనిషిలో ఏదో ఉంది.

అయితే ఆ ఉన్నది ఏమిటన్నదే అసలు సంగతి. నాలుగు రోజులు ఓపిక పట్టు, పెద్దావిడ తప్పుకున్నాక నీ వంతు వస్తుంది, ఓర్చినమ్మకు తేటనీరు అని ఆమెకు చెప్పడానికి లోకంలో మనుషులు కరువా? ఆమె ఓర్చుకోలేదు. ఆమె చరిత్ర మొత్తంలో పూర్తిగా ఆమెదే అనదగ్గ పని ఓర్పుకు సరిగ్గా ఎదురుగా ఉంది. ఈ వెలుగులో చూస్తే హుసాముద్దీన్ కథా మారిపోతుంది. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్ గెలిచాక మోకాలి గాయంతో సెమీఫైనల్‌కు దిగలేదు. కాంస్యంతో సరిపెట్టుకున్నాడు. కుంటుతూ దిగి ఉంటే మనం చప్పట్లు కొట్టేవాళ్లం. కానీ దిగకపోవడమే సరైన పని. 1975లో మనీలాలో అలీతో 14 రౌండ్ల తర్వాత కళ్లు వాచి మూసుకుపోయినా ఫ్రేజియర్ ఆడతానన్నాడు, కోచ్ ఎడ్డీ ఫచ్ ఒప్పుకోలేదు. 2020లో టైసన్ ఫ్యూరీ చేతిలో దెబ్బలు తింటున్న డియాంటే వైల్డర్ కోసం అతని కోచ్ మార్క్ బ్రీలండ్ టవల్ విసిరితే, వైల్డర్ అతన్ని పనిలోంచి తీసేశాడు. ఈ ఇద్దరిలో తట్టుకోవడం అంటే ఏమిటో తెలిసినవాడు ఎవరని అడిగితే నా వేలు బ్రీలండ్ వైపే వెళ్తుంది. ఒక బాక్సర్ పదేళ్లు నిలబడటానికి ఆధారం, చాలు అని ఎవరో ఒకరు సరైన సమయానికి అనగలగడమే. ఆ మాట అన్నది బాక్సరైనా, కోచైనా, మంత్రికి రాసిన ఉత్తరమైనా.

ఇంత చెప్పాక నా వాదనకు నేనే అడ్డుపడాలి. ఏ దెబ్బ ఓర్చుకోవాలో, ఏ దెబ్బకు చాలు అనాలో ముందు ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ తర్వాత భుజం నొప్పిని ఓర్చుకోకపోతే నిఖత్ తిరిగొచ్చేది కాదు. పారిస్ కోసం ఆకలిని ఓర్చుకుని దిగింది, ఫలితం రాలేదు. అదే ఓర్పుతో 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలో ప్రపంచ స్వర్ణం గెలిచింది. రెండు చోట్లా ఓర్పు ఒకటే, ఫలితాలే వేరు. దీనికి సూత్రం ఏదీ నాకు దొరకలేదు, దొరుకుతుందన్న ఆశా లేదు. కానీ ఒక తేడా మాత్రం పట్టుకోగలను. నొప్పిని తన లెక్కతో తను ఎంచుకున్నవాళ్ల ఓర్పు వేరు, వేరే దారి లేక తలవంచినవాళ్ల ఓర్పు వేరు. మొదటిదాన్ని ఎప్పుడైనా ఆపేయవచ్చు. ఆపితే బువ్వ పోయే చోట రెండోది పుడుతుంది. వెలుపలి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి, రెంటికీ ఒకే పొగడ్త పడుతుంది. నాకు మొదటి నుంచీ తేడాగా అనిపించింది ఇదే.

ఈ పొగడ్త మన ప్రాంతానికి బాక్సింగ్‌తో వచ్చింది కాదు, ముందు నుంచీ ఉంది. 1930ల చివర్లో మన జిల్లాలోని శక్కర్‌నగర్‌లో పని మొదలుపెట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అప్పుడూ అదే పొగడ్త: కార్మికులు ఓపికమంతులు, చెరకు రైతులు ఓపికమంతులు, బీడీలు చుట్టే ఆడవాళ్ల ఓపిక గురించి అయితే చెప్పనే అక్కర్లేదు. ఓపికను మెచ్చుకోవడానికి ఖర్చేమీ కాదు కాబట్టి అది అందరికీ ధారాళంగా పంచుతాం. ఫ్యాక్టరీ తెరవడానికి ఖర్చవుతుంది. మండలంలో ఒక కోచ్‌ను పెట్టడానికి, గాయపడ్డ పిల్లకు ఏడాది పాటు వైద్యం, తిండి చూడటానికి, అన్యాయమని రాసినవాళ్ల పేరు సెలెక్షన్ జాబితాలోంచి కొట్టేయకుండా ఉండటానికి ఖర్చవుతుంది. అందుకే ఆ ఖర్చు తప్పించుకోవాలనుకున్న ప్రతిచోటా దెబ్బలు తట్టుకునే గుణం మీద ఉపన్యాసం వినిపిస్తుంది.

కాబట్టి వాదన తేల్చమంటే నా తీర్పు ఇది. నిఖత్ జరీన్ గొప్ప బాక్సరే. దెబ్బలు ఓర్చుకుందని కాదు, ఓర్చుకోకూడని చోట ఓర్చుకోలేదని. రేపు మాక్లూర్ నుంచి ఒక పిల్ల గ్లవ్స్ తొడుక్కుని నిజామాబాద్ బస్సెక్కితే, ఆమెకు మొండితనం నూరిపోసే పని మనం పెట్టుకోనక్కర్లేదు. అది ఉండే వస్తుంది. నొప్పి అని చెబితే జట్టులో చోటు పోదని, అన్యాయమని రాస్తే పేరు చెడదని ఆమెకు మాట ఇచ్చేవాళ్లు కావాలి. ఆ మాట ఇవ్వలేనివాళ్లు ఆమె తట్టుకునే శక్తిని పొగడకుండా ఉంటే చాలు.