మూగబోయిన గిటారు: బాగుచేయింతుమా, మార్చుదుమా?



సంఘములో ఒక వస్తువు పాడైనప్పుడు దానిని బాగుచేయింపవలెనా, తీసివేసి క్రొత్తది తేవలెనా అను ప్రశ్న చిన్నదిగానే కనబడును. అయినను దానికి మనమిచ్చు జవాబులో మన ఓర్పును, మన న్యాయబుద్ధియు, ఇతరుల కష్టార్జితమును మనము వాడు తీరును బయలుపడును. మన పల్లె ఆరాధనలలో డోలకు, తాళములతోపాటు కీబోర్డు, ఎలక్ట్రిక్ గిటారు మొదలగు వాద్యములు కూడ నేడు కనబడుచున్నవి. కనుక ఈ నెల ఒక గిటారునే ఉదాహరణముగా తీసికొని ఆలోచింతము.

చీమకుర్తి సమీపమున ఒక సంఘమున్నదనుకొనుడి. మిరపకోతలకు వెళ్లిన తల్లులు తమ కూలిలోనుండి తీసియిచ్చిన కానుకలతోను, రాతి క్వారీలో పనిచేయు సహోదరులు కలిపిన సొమ్ముతోను అక్కడ ఒక గిటారు కొనబడినది. ఒక ఆదివారమున తీగలెంత మీటినను స్పీకరులో పలుకు లేదు. “పికప్ చచ్చిపోయినది, క్రొత్తది వేయింతము” అని యౌవనస్థులందురు. “ఉన్నదానినే బాగుచేయింపుడి, డబ్బు చెట్లకు కాయుచున్నదా?” అని పెద్దలందురు. వీరిలో ఎవరి మాట న్యాయమైనది?

మొదట ఆ పికప్ అనగా ఏమో తెలిసికొందము. ఎలక్ట్రిక్ గిటారు తీగల క్రింద అయస్కాంతములుండును. వాటిచుట్టు తలవెండ్రుకకంటెను సన్నని రాగితీగ, సాధారణమైన ఒంటి చుట్ట పికప్‌లో ఏడెనిమిది వేల చుట్లు చుట్టబడి యుండును. ఉక్కు తీగ అదరగానే ఆ రాగి చుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. దానినే యాంప్లిఫయరు పెద్దదిచేసి మనకు వినిపించును. ఈ పనికి మూలమైన సత్యమును 1831వ సంవత్సరమున ఇంగ్లండులో మైకేల్ ఫెరడే కనుగొనెను. ఆయన ఒక కమ్మరి కుమారుడు. చిన్ననాట పుస్తకములకు అట్టలు కట్టు దుకాణములో పని నేర్చినవాడు. తన చిన్న సంఘములో పెద్దగా కూడ సేవచేసినవాడు. అటుతరువాత అమెరికాలో జార్జి బీచమ్ రూపొందించిన గిటారు పికప్‌నకు 1937లో పేటెంటు లభించెను. ఇంత సన్నని తీగ గనుక, తేమవలన తుప్పు పట్టినను, ఎక్కడనైనను లాగబడినను అది తెగిపోవచ్చును. ఒక్కచోట తెగినను చుట్ట అంతయు మూగబోవును.

కాబట్టి మన మొదటి ధర్మము తొందరపడి తీర్పు చెప్పకుండుటయే. పలుకనిదెల్ల చచ్చినది కాదు. చీమకుర్తి క్వారీలో బంగారు చుక్కలు మెరయు నల్లరాతిని ఎరిగినవారు, బ్లాకును పైకి చూచి వెల కట్టరు. నీళ్లు పోసి తడిపి, పగులున్నదా లేదా అని పరీక్షింతురు. గిటారు విషయములోను అట్లే చేయవలెను. మొదట వైరు మార్చి చూడుడి. వాల్యూము మీటను, స్విచ్చిని, వైరు గుచ్చు జాక్‌ను చూడుడి. లోపల ఎక్కడనైన టంకము ఊడెనేమో చూడుడి. యాంప్లిఫయరు శబ్దము తగ్గించియుంచి, చిన్న ఇనుప స్క్రూడ్రైవరుతో పికప్‌మీద మెల్లగా తాకుడి. ‘టక్’ మని వినబడినయెడల అందులో ఇంకను ప్రాణమున్నది. తుదకు పని తెలిసినవానిచేత మల్టీమీటరు పెట్టించుడి. ఒంటి చుట్ట పికప్ సామాన్యముగా 5,000 నుండి 8,000 ఓముల వరకు చూపును. మీటరు ఏమియు చూపనిచో తీగ తెగినదని నిశ్చయము. ఇంత పరీక్ష కాకముందు దానిని చచ్చినదనుట, సాక్షులను విచారింపకయే శిక్ష వేయుట వంటిది.

పరీక్షలో పికప్ నిజముగా పోయినదని తేలినదనుకొందము. అప్పుడు పెద్దలు చెప్పు పోలిక యొకటి యున్నది. బోరు మోటారు కాలినప్పుడు రైతు దానిని పారవేయడు. వైండింగు షాపునకు మోసికొనిపోవును. అక్కడ కాలిన రాగి తీసివేసి, క్రొత్త తీగ చుట్టి, వార్నిష్ పట్టించి యిత్తురు. మరల ప్రత్తిచేనికి నీరు పారును. “గిటారునకు మాత్రము అట్లేల చేయరాదు?” అని వారడుగుట సమంజసమే. అయితే లెక్కను పూర్తిగా చూడుడి. మోటారులో ఇనుప భాగములును, షాఫ్టును, పై తొడుగును చెక్కుచెదరకయుండును. పోయినది చుట్ట మాత్రమే. పికప్‌లోనైతే చుట్టయే దాదాపు సర్వస్వము. అంత సన్నని తీగయు, దానిని లెక్కతో చుట్టు యంత్రమును మోటారు షాపులో సాధారణముగా ఉండవు. సామాన్యమైన క్రొత్త పికప్ కొన్ని వందల రూపాయలకే దొరకుచుండగా, పాతదానిని మరల చుట్టించుటకు అంతకు మించి కావచ్చును. రైతును మోటారు బాగుచేయింపుమని చెప్పు ఆ పొదుపు బుద్ధియే ఇక్కడ క్రొత్తది కొనుమని చెప్పును. తీగ పైకొసననే తెగినదైతే మాత్రము, నేర్పరి యొకడు టంకముతో అతికి గంటలో పలికింపగలడు. అటువంటిదానిని పారవేయుట వ్యర్థవ్యయము.

యిర్మీయా గ్రంథములో ఈ రెండును ప్రక్కప్రక్కనే యున్నవి. 18వ అధ్యాయములో సారెమీద చెడిన మట్టిని కుమ్మరి విడువక వేరొక పాత్రగా చేయుచున్నాడు. 19వ అధ్యాయములో ప్రవక్త కాల్చిన కూజాను పగులగొట్టగా అది మరల అతుకరానిదని చెప్పబడినది. పచ్చిమట్టియా, కాల్చిన మట్టియా అని చూడకుండ, అన్నిటిని అతుకుదుమనుట ఓర్పు కాదు. అన్నిటిని పారవేయుదుమనుట ధైర్యమును కాదు.

ఇక మనస్సును పరీక్షించుకొందము. యౌవనస్థులారా, క్రొత్తది కావలెనని మీరనుట పాట కొరకా, పొరుగు సంఘమువారి గిటారును చూచినందువలననా? మిరపతోటలో ఎండకు వంగి కోసిన చేతుల కూలి అందులో ఉన్నదని మరువకుడి. పెద్దలారా, బాగుచేయింపుడని మీరనుట పొదుపు కొరకా, నిర్ణయమును వాయిదా వేయుటకా? ఆరు నెలలు మరమ్మతు పేరుతో మూలను పడియున్న వాద్యము ఎవరికిని లాభము కాదు. అంతలో నేర్చుకొన్న పిల్లవాని వ్రేళ్లు నేర్పును మరచును. వస్తువు పాటకొరకున్నది గాని పాట వస్తువుకొరకు లేదు.

కావున ఒక ఆదివారము ఆరాధనయైన పిమ్మట సంఘమును కూర్చుండబెట్టుడి. మీటరు చెప్పినదానిని దాచక చెప్పుడి. బాగుచేయుటకు ఎంత, మార్చుటకు ఎంత అని రెండు లెక్కలను చదివి వినిపించుడి. కూలిలోనుండి ఇచ్చిన తల్లిని మొదట అడుగుడి. ఆమె కానుక ఆ పికప్‌లో మాత్రమే లేదు. గిటారు అంతటిలో ఉన్నది. చెడిన భాగమును మార్చినంతమాత్రమున ఆమె కానుక పోలేదని, అది మరల పలుకుటకే మార్చుచున్నామని ఆమెకు తెలియజెప్పుడి. తీసిన పికప్‌ను చెత్తలో వేయక పని నేర్చుకొను పిల్లవానికియ్యుడి. తెగిన తీగను విప్పి చూచి వాడు కొంత నేర్చుకొనును.

ఒక్క హెచ్చరిక. బాగుచేయుటా, మార్చుటా అను ఈ ప్రశ్న వస్తువులకే తగును. సంఘములో గొంతు మూగబోయిన మనుష్యుడొకడున్న యెడల, అతని చోటున మరియొకని నిలువబెట్టి పాట సాగినదని సంతోషింపకుడి. అతని విషయములో లెక్క చూచు పని లేదు. మొదటి పరీక్ష మాత్రము అక్కడను అవసరమే: తెగినది అతనిలోనా, లేక అతనికిని మనకును నడుమనున్న తీగలోనా? ఈ వారము అతని యింటికి వెళ్లి అడిగి తెలిసికొనుడి.